గుజ్జు మాత్రలు మింగితే అవి నిజంగా మోకాలి దాకా వెళ్తాయా?

తణుకు_వంశీ

అందరికీ నమస్కారం. మా అమ్మకి 62. మోకాళ్ల నొప్పులు చాన్నాళ్ల నుంచి ఉన్నాయి గానీ ఈ మధ్య మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. ఎక్స్‌రే తీయిస్తే కుడి మోకాల్లో గుజ్జు అరిగింది, రెండో గ్రేడ్ అన్నారు. ఆపరేషన్ గీపరేషన్ ఏమీ వద్దు, ఈ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఆర్నెల్లు వాడండి, గుజ్జు మళ్లీ పడుతుంది అని రాసిచ్చారు.

స్ట్రిప్ వెనక ఉన్న చీమ తలకాయంత అక్షరాల్ని ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదివాను. గ్లూకోసమైన్ సల్ఫేట్ పొటాషియం క్లోరైడ్ 750 మి.గ్రా., కాండ్రాయిటిన్ సల్ఫేట్ సోడియం 200 మి.గ్రా., ఎం.ఎస్.ఎం. 250 మి.గ్రా. పది మాత్రలు రెండొందల పైచిలుకు.

నేను ఇంజనీరింగ్ వాణ్ని. బయాలజీకి పదో తరగతిలోనే దండం పెట్టేశాను. అయినా ఒక అనుమానం తీరడం లేదు. మాత్ర పొట్టలోకి పోతుంది, అక్కడ అన్నం, పప్పు అరిగినట్టే అదీ అరగాలి కదా? అరిగిపోతే మోకాలికి ఏం వెళ్తుంది? అరగకపోతే రక్తంలోకి ఎలా ఎక్కుతుంది? మందుల షాపులో అడిగితే "అందరూ వాడుతున్నారు సార్" అన్నాడు. అది జవాబు కాదు కదా.

ఇంకోటి. అమ్మ మాంసం మానేసి నాలుగేళ్లయింది. ఈ కాండ్రాయిటిన్ దేనితో చేస్తారో స్ట్రిప్ మీద ఎక్కడా లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పెదబాబు_నిడదవోలు

తమ్ముడూ, ఈ మాత్రలన్నీ డబ్బు దండగ. వారానికి రెండుసార్లు మేక కాళ్ల సూపు పెట్టు. మిరియాలు, అల్లం దట్టించి, రాత్రంతా సన్న సెగ మీద మరగనివ్వాలి. చల్లారాక పైన జిగురు కడుతుంది చూడు, అదే గుజ్జు. మా నాయనమ్మ ఎనభై ఏళ్లకి కూడా పీట మీద కూర్చుని లేచేది.

భీమవరం_రాజు_మెడికల్స్

పెదబాబు గారూ, వాళ్లమ్మగారు మాంసం మానేశారని కుర్రాడు రాశాడు కదండీ. సూపు ఎవరికి పెట్టమంటారు?

సుభద్ర_కాకినాడ

వంశీ, నేను ఫార్మసీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు, ఆ ముక్క ముందే చెప్తున్నాను. నా మోకాళ్లూ అరిగినవే, కాబట్టి ఈ సంగతి నా అవసరం కొద్దీ కూడా చదువుకున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

కాండ్రాయిటిన్ సల్ఫేట్ అంటే ఒక పొడుగాటి చక్కెర గొలుసు. గ్లూక్యురోనిక్ ఆమ్లం ఒకటి, ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ ఒకటి, ఇలా రెండు రకాల చక్కెరలు జంటలు జంటలుగా వరసన ఉంటాయి. వాటికి అక్కడక్కడా సల్ఫేట్ అంటుకుని ఉంటుంది. మనందరి కీళ్లలోనూ ఇది ఉంది, పుట్టుకతో వచ్చిందే. మోకాలి గుజ్జులో ఇలాంటి గొలుసులు వంద దాకా ఒక ప్రోటీన్ కాడకు తగులుకుని అగ్రికాన్ అనే భారీ అణువుగా ఉంటాయి. ఒక్కో జంట మీదా రెండు రుణావేశాలు. అవి నీటిని లాగి పట్టుకుంటాయి. మృదులాస్థి (మనం గుజ్జు అనేదే) బరువులో నూటికి 65 నుంచి 80 పాళ్లు నీరే ఉండేది అందుకే. నువ్వు మెట్టు దిగినప్పుడు ఆ నీరు కొంచెం పక్కకు జరిగి, కాలు ఎత్తగానే మళ్లీ వచ్చి చేరుతుంది. గొలుసులు తగ్గేకొద్దీ నీరు నిలవదు. మీ అమ్మగారి కుడి మోకాల్లో జరుగుతున్న వాటిలో ఇదొకటి.

ఇక మాత్ర సంగతి. గ్లూకోజ్ అణుభారం 180. ఒంటికి సులువుగా ఎక్కుతుంది, దానికి పేగు గోడలో ప్రత్యేకంగా తలుపులే ఉన్నాయి. కాండ్రాయిటిన్ గొలుసు అణుభారం సుమారు 10,000 నుంచి 40,000 దాకా ఉంటుంది, ఏ జంతువు నుంచి ఎలా తీశారన్న దాన్ని బట్టి. 20,000 అనుకుంటే నలభై జంటలు. దానికి తలుపు లేదు. పైగా నిండా రుణావేశాలు, కొవ్వుతో చేసిన కణత్వచంలోంచి దూరిపోయే రకం కాదు.

సరే, అరిగి చిన్న ముక్కలై ఎక్కుతుందా అన్నావు. మంచి ప్రశ్నే. అన్నాన్ని విడగొట్టే అమైలేజ్ మనకు నోట్లోనే ఉంది. ఈ గొలుసును తెంచే ఎంజైమ్ మాత్రం నోట్లో లేదు, పొట్టలో లేదు, చిన్నపేగులోనూ లేదు. పొట్టలో ఆమ్లం దీన్ని పెద్దగా ఏమీ చేయలేదు. అంటే పప్పూ అన్నం అరిగిన చోట ఇది అరగదు. చాలా భాగం అలాగే పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ దీనికోసం కాచుకుని కూర్చున్నవాళ్లు వేరే ఉన్నారు, బ్యాక్టీరియా. ముఖ్యంగా బ్యాక్టీరాయిడిస్ జాతివి. వాటి దగ్గర కాండ్రాయిటినేజ్ అనే ఎంజైములు ఉన్నాయి. గొలుసును జంట చక్కెరలుగా తెంచి, సల్ఫేట్ ఊడదీసి, హాయిగా తినేస్తాయి. మీ అమ్మగారు మింగే కాండ్రాయిటిన్‌లో పెద్ద వాటా వెళ్లేది మోకాలికి కాదు, వాటి భోజనానికి.

ఆ ఊడిన సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా కూడా కొన్ని ఉన్నాయి, డీసల్ఫోవిబ్రియో అని. అమెరికాలో మనిషి పేగు బ్యాక్టీరియాను ఎక్కించి పెంచిన ఎలుకలకు కాండ్రాయిటిన్ కలిపిన మేత పెడితే ఇవి పెరిగాయనీ, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పెరిగిందనీ 2013లో చూపించారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే వాయువు అదే. మనుషుల్లోనూ అచ్చం అలాగే జరుగుతుందని నేననను. ఈ మాత్రలు మొదలెట్టాక గ్యాస్, కడుపు ఉబ్బరం అని మాత్రం కొందరు అంటుంటారు.

మరి రక్తంలోకి అసలు ఏమీ ఎక్కదా? ఎక్కుతుంది, కొద్దిగా. ఎంతన్న దగ్గరే తగువు. ఇటలీలో ట్రిటియం (గుర్తుపట్టడానికి వాడే రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన కాండ్రాయిటిన్‌తో 1990లలో చేసిన ప్రయోగాలు చూసి నూటికి 10 నుంచి 20 పాళ్లు అంటారు. అయితే అలా కొలిచినప్పుడు లెక్కకు వచ్చేది ట్రిటియం. అది పూర్తి గొలుసు మీద ఉందా, బ్యాక్టీరియా నమిలి వదిలిన ముక్క మీద ఉందా అన్నది ఆ అంకెలో కనబడదు. 2002లో ఇటలీలోనే ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు ఒకేసారి 4 గ్రాములు ఇచ్చి చూస్తే రెండు గంటల ప్రాంతంలో రక్తంలో బాగా పెరిగింది. 4 గ్రాములంటే నీ చేతిలో ఉన్న మాత్రలు ఇరవై, ఒక్క గుక్కలో! 1992లో ఇంకో బృందం, 2010లో అమెరికాలో మరో బృందం రోగులు మామూలుగా వాడే మోతాదు వరసలో ఇచ్చి కొలిస్తే, రక్తంలో ముందునుంచీ ఉన్న కాండ్రాయిటిన్ స్థాయి మీద తేడా పట్టుబడలేదు. అదే 2010 పరిశీలనలో గ్లూకోసమైన్ మాత్రం పెరిగినట్టు స్పష్టంగా కనిపించింది. అది చిన్న అణువు, దాని దారి వేరు.

ఇప్పుడు నీ స్ట్రిప్ లెక్క చూడు. రోజుకు రెండు, అంటే కాండ్రాయిటిన్ 400 మి.గ్రా. ఉదారంగా నూటికి పది ఎక్కిందనుకుందాం, 40 మి.గ్రా. అదీ చిన్నా పెద్దా ముక్కల కలగాపులగం. ఆ 40 కూడా తిన్నగా మోకాలికి పోదు. రక్తంలో తిరిగే ఇలాంటి గొలుసుల్ని లాగేసుకోవడం కాలేయంలో కొన్ని కణాల పనే. రక్తనాళాల లోపలి గోడకు ఉంటాయి, వచ్చినదాన్ని వచ్చినట్టు లోపలికి మింగి, లైసోజోములనే తమ అరుగుదల సంచుల్లో తుంచి, చక్కెరలుగా, సల్ఫేట్‌గా మార్చేస్తాయి. అవి ఒంట్లో ఉన్న మామూలు నిల్వలో కలిసిపోతాయి. చిన్న ముక్కలు కొన్ని మూత్రంలో పోతాయి.

పైగా గుజ్జులో రక్తనాళాలే లేవు. కీలులో ఉండే జిగట ద్రవంలోంచి ఊరి వచ్చిందే దానికి ఆహారం. అందులోని కణాలు తమకు కావలసిన కాండ్రాయిటిన్‌ను గ్లూకోజ్‌తో మొదలుపెట్టి తామే అల్లుకుంటాయి, బయటి గొలుసు కోసం చూడవు. జుట్టు రాలుతోందని వెంట్రుకలు మింగితే ఎంతో, గుజ్జు అరిగిందని గుజ్జు మింగితే అంతే. మళ్లీ పడుతుంది అన్న మాట నేను ఒప్పుకోను.

అలాగని పూర్తిగా వ్యర్థం అని తేల్చేయడమూ తొందరపాటే. చిన్న ముక్కలు కణాల్లో వాపును రేపే ఎన్ఎఫ్-కప్పాబి అనే దారిని కొంత అణచివేస్తాయని గాజు గిన్నెల్లో పెంచిన కణాల మీద చూశారు. పని చేస్తే ఆ దారిన చేయాలి, గుజ్జుకు మరమ్మతుగా కాదు. గిన్నెలో పోసే మోతాదు రక్తంలో దొరికేదానికంటే చాలా ఎక్కువ ఉంటుందన్నది గుర్తుంచుకో.

పెదబాబు గారూ, మీ సూపులో ఉన్న కాండ్రాయిటిన్‌కూ ఇదే దారి. పైన కట్టే జిగురు ఎక్కువగా కొల్లాజెన్ కరిగి వచ్చిన జెలటిన్. అది అరుగుతుంది, మామూలు ప్రోటీన్‌లాగే ఒంటబడుతుంది. రుచికి తాగండి, నేనూ తాగుతాను.

ఫ్రిస్కో_రమణ

మేడమ్, మీరు చెప్పింది చదువుతుంటే బావుంది గానీ నా అనుభవం వేరు. డాలస్ పక్కనే ఉంటాను, షటిల్ ఆడి ఆడి ఎడమ మోకాలు పోయింది. ఇక్కడ పెద్ద డబ్బా దొరుకుతుంది, రోజుకు గ్లూకోసమైన్ 1500, కాండ్రాయిటిన్ 1200. మొదటి నెల ఏమీ లేదు. మూడో నెలకి నొప్పి సగం తగ్గింది. ఇదంతా నా భ్రమేనా? మా ఆవిడ కూడా నువ్వు బాగా నడుస్తున్నావు అంటోంది.

సుభద్ర_కాకినాడ

రమణ గారూ, మీ నొప్పి తగ్గిందన్నది నిజమే, భ్రమ అని నేనెందుకంటాను. మాత్ర వల్లే తగ్గిందా అన్నదే నా ప్రశ్న.

మీ డబ్బా మీద ఉన్న మోతాదుతోనే మీ దేశంలో గెయిట్ అనే పెద్ద పరీక్ష చేశారు, ఫలితాలు 2006లో వచ్చాయి. 1583 మంది, 24 వారాలు. నొప్పి కనీసం ఐదో వంతు తగ్గినవాళ్లను లెక్కపెట్టారు. కాండ్రాయిటిన్ వాడినవాళ్లలో నూటికి 65.4, రెండూ కలిపి వాడినవాళ్లలో 66.6. బాగుంది కదా? మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 60.1! ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా వచ్చేంతటిదే. నొప్పుల మాత్ర సెలికాక్సిబ్ వాడినవాళ్లలో 70.1. నొప్పి మధ్యస్థం నుంచి తీవ్రంగా ఉన్న చిన్న గుంపులో మాత్రం రెండూ కలిపితే 79.2, ఉత్తుత్తి మాత్రకు 54.3 వచ్చింది. డబ్బాల కంపెనీలన్నీ ఆ ఒక్క ముక్కే పట్టుకున్నాయి. తర్వాత స్పెయిన్‌లో అలాంటి రోగుల మీదే, 164 మందితో, ఆ జోడీని పరీక్షించి 2017లో ప్రకటిస్తే, ఉత్తుత్తి మాత్రే మెరుగ్గా ఉంది.

అదే ఏడాది యూరప్‌లో 604 మందితో ఇంకో పరీక్ష. మందు నాణ్యతతో చేసిన కాండ్రాయిటిన్ ఒక్కటే, రోజుకు 800 మి.గ్రా., ఆర్నెల్లు. అక్కడ ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పనిచేసింది, సెలికాక్సిబ్‌తో సమానంగా నిలిచింది. ఖర్చు పెట్టింది ఆ మందు తయారుచేసేవాళ్లే. ఆ మాట చెప్పి ఆ పరీక్షను తీసిపారేయను, తలకెత్తుకోను కూడా. అమెరికా కీళ్ల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మోకాలికి ఈ రెండూ వద్దని గట్టిగానే చెప్పింది. చేతి వేళ్ల కీళ్లకు మాత్రం కాండ్రాయిటిన్‌ను షరతుతో ఒప్పుకుంది.

మూడో నెలకి తగ్గడం గురించి ఒక మాట. మనం డబ్బా ఎప్పుడు కొంటాం? నొప్పి భరించలేనంతగా ఉన్నప్పుడు. ఈ రకం నొప్పి ఎక్కుతుంది, దిగుతుంది. బాగా ఎక్కినప్పుడు ఏది మొదలుపెట్టినా మూడు నెలలకి కొంత దిగే ఉంటుంది. షటిల్ ఆపేశారా, అది చెప్పలేదు మీరు.

ఫ్రిస్కో_రమణ

ఆపేశాను మేడమ్. డబ్బా కొన్న వారమే.

భీమవరం_రాజు_మెడికల్స్

వంశీ గారు అడిగిన రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నేను చెప్తాను. ఇరవై ఏళ్లకు పైగా కౌంటర్లో ఉన్నాను.

కాండ్రాయిటిన్ మామూలుగా జంతువుల మెత్తటి ఎముక నుంచే తీస్తారు. ఎక్కువగా ఆవు, ఎద్దుల శ్వాసనాళం, తర్వాత పంది, కోడి, సొరచేప. శ్వాసనాళం మీద ఉండే ఉంగరాల్లాంటివి ఉన్నాయే, అవన్నీ మృదులాస్థి. కబేళాల్లో వృథాగా పోయేదాన్ని ఎండబెట్టి, ఎంజైములతో ప్రోటీన్ కరిగించి, మిగిలిన చక్కెర గొలుసుల్ని వేరు చేసి పొడి చేస్తారు. అమ్మగారికి నియమం ఉంటే ఈ సంగతి చెప్పి తీరాలి. కొందరు పెద్దవాళ్లు విన్నాక చాలా బాధపడతారు, నా కౌంటర్ దగ్గరే చూశాను. స్ట్రిప్ మీద ఎందుకు లేదంటే, ఇదే పదార్థం ఒక కంపెనీ మందుగా అమ్ముతుంది, ఇంకో కంపెనీ ఆహార పూరకంగా అమ్ముతుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) కింద ఆహారంగా వస్తే పచ్చ చుక్కో, గోధుమరంగు త్రికోణమో ఉండాలి. మందుగా వచ్చినవాటి మీద అది ఉండదు. కంపెనీకి ఫోన్ చేసి అడగడమే మార్గం.

గ్లూకోసమైన్ వేరు. అది రొయ్య, పీత పెంకుల్లోని చిటిన్ నుంచి తీస్తారు. మా భీమవరం చుట్టూ ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలూ పెంకులూ గుట్టలు పోసి ఉంటాయి, అలాంటి సరుకే ముడిపదార్థం. మొక్కజొన్న నుంచి పులియబెట్టి తీసేదీ ఉంది. రొయ్య పడనివాళ్లు అడిగి కొనుక్కోవాలి.

ఇంకో సంగతి, సుభద్ర మేడమ్ లెక్క నూరుపాళ్లు కరెక్ట్. మన దగ్గర కాంబినేషన్లలో కాండ్రాయిటిన్ 100, 200 వేసి పేరు మాత్రం పెద్దగా అచ్చు వేస్తారు. పరీక్షల్లో వాడిన 800, 1200 రావాలంటే 200వి అయినా రోజుకు నాలుగు నుంచి ఆరు మాత్రలు మింగాలి. అప్పుడు మిగతావి మితిమీరతాయి.

సుభద్ర_కాకినాడ

రాజు గారు నాణ్యత దాకా వచ్చారు కాబట్టి ఒక ల్యాబ్ ముచ్చట చెప్తాను. కాండ్రాయిటిన్‌ను కొలవడానికి పాత పద్ధతి ఒకటుంది. ద్రావణంలోకి సెటైల్ పిరిడీనియం క్లోరైడ్ బొట్టు బొట్టుగా వదులుతారు. అది రుణావేశం ఉన్న గొలుసుకు అంటుకుని తెల్లగా మబ్బు కడుతుంది. ఎన్ని బొట్లకు మబ్బు పూర్తయిందో చూసి ఎంత ఉందో లెక్క వేస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది, పిల్లలు గాజు గొట్టం చుట్టూ మూగేవాళ్లు. చిక్కేమిటంటే రుణావేశం ఉన్న ఏ పొడవాటి అణువు వేసినా ఆ మబ్బు వస్తుంది. సముద్రపు నాచు నుంచి తీసే చవక క్యారాజినాన్ కలిపినా కాండ్రాయిటిన్ పూర్తిగా ఉన్నట్టే చూపిస్తుంది. అందుకే ఇప్పుడు ముందు ఎంజైముతో తెంచి, వచ్చిన జంట చక్కెరల్ని విడివిడిగా కొలిచే పద్ధతి మేలు. పేగులో బ్యాక్టీరియా చేసే పనినే సీసాలో చేయిస్తారన్నమాట.

2008లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ల గొడవ అయింది గుర్తుందా? చైనా నుంచి వచ్చిన ముడిసరుకులో సల్ఫేట్ అతిగా ఎక్కించిన కాండ్రాయిటిన్ కలిసి, అమెరికాలో పదుల సంఖ్యలో మనుషులు పోయారు. అది రక్తంలోకి నేరుగా ఎక్కించిన మందు, ప్రకృతిలో దొరకని రూపం. నోటి మాత్రకు దానితో సంబంధం లేదు, భయపడొద్దు. మామూలు పరీక్షలకు అదీ చిక్కలేదని చెప్పడానికే ఎత్తాను.

తణుకు_వంశీ

సుభద్ర మేడమ్, రాజు గారూ, చాలా థాంక్స్. అమ్మకి శ్వాసనాళం సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంక నాకొద్దు" అని స్ట్రిప్ నా చేతిలో పెట్టింది.

కానీ ఇంకో టెన్షన్ మొదలైంది. డాలస్‌లో ఉన్న మా బావ కూడా ఇలాంటి డబ్బా ఒకటి పంపాడు. అది నాన్న వేసుకుంటున్నారని ఇవాళే తెలిసింది. ఆయనకి గుండె కవాటం మార్చారు, ఎన్నో ఏళ్లుగా రక్తం పలచబడే మందు అసిట్రోమ్ మీద ఉన్నారు. నాన్నకి మోకాలి నొప్పి కూడా లేదు, "ముందు జాగ్రత్త" అట! పర్వాలేదా?

సుభద్ర_కాకినాడ

ఈ రాత్రి నుంచే ఆ డబ్బా ఆపించు. అసిట్రోమ్ మాత్రం ఆపకూడదు, ఒక్క పూట కూడా. రెండూ కలగలిపి అర్థం చేసుకోకండి.

గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ జోడీ వేసుకున్నాక రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లలో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చెప్పే అంకె, ఎక్కువైతే రక్తస్రావం భయం) పెరిగినట్టు అమెరికా ఔషధ సంస్థకూ, ప్రపంచ ఆరోగ్య సంస్థకూ రిపోర్టులు వెళ్లాయి. అసిట్రోమ్‌లో ఉండే అసినోకౌమరాల్ ఆ కుటుంబం మందే. అందరికీ పెరుగుతుందని కాదు, కవాటం మార్చిన మనిషి విషయంలో "అందరికీ కాదు" అన్నది ధైర్యం ఇవ్వదు. రేపు పొద్దున్నే ఐఎన్ఆర్ చేయించి, డబ్బా ఎప్పటి నుంచి వేసుకుంటున్నారో, ఈ రోజు ఆపారనీ ఆయన గుండె డాక్టరుకి చెప్పండి. ఆపాక ఐఎన్ఆర్ కిందికీ రావచ్చు, కాబట్టి తర్వాత ఇంకోసారి ఎప్పుడు చేయించాలో ఆయన్నే అడగండి. ఈ లోపు చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం ఎర్రగా రావడం, మలం తారులా నల్లగా పోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, వీటిలో ఏదున్నా రేపటి దాకా ఆగొద్దు.

భీమవరం_రాజు_మెడికల్స్

మేడమ్ చెప్పినట్టు చేయండి. నేను అసిట్రోమ్ కొనేవాళ్లందరినీ ఒకటే అడుగుతాను, కొత్తగా ఏమన్నా మింగుతున్నారా అని. "మందులేం లేవండీ" అంటారు. విదేశీ డబ్బాలు, ఆయుర్వేదం, పౌడర్లు మందులు కావని వాళ్ల లెక్క.

తణుకు_వంశీ

ఐఎన్ఆర్ 3.9 వచ్చింది. ఆయనకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలట. డాక్టరు అసిట్రోమ్ డోసు కొంచెం సర్ది, వారంలో మళ్లీ చేయించమన్నారు. రక్తస్రావం ఏమీ లేదు. డబ్బా వల్లేనా అంటే "అయ్యుండొచ్చు, ఆకుకూరలు మానేశారా?" అని నాన్నని అడిగారు. మానలేదు. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను.

అమ్మ సంగతి చెప్పండి మేడమ్. మాత్రలు లేకుండా ఏం చేయాలి?

సుభద్ర_కాకినాడ

హమ్మయ్య. బావగారికి ఫోన్ చేసి ఈ అంకె చెప్పు, ఇంకో డబ్బా పంపకుండా ఉంటాడు.

అమ్మగారి మాత్రలు ఆపిన సంగతి రాసిచ్చిన డాక్టరుకి కూడా చెప్పండి. ఇక మోకాలి సంగతి. నేల మీద కత్తిపీట వేసుకుని కూరలు తరుగుతారా? దాన్ని బల్ల మీదకి మార్చండి, లేదా చాకు కొనివ్వండి. బాత్రూమ్ ఇండియన్ టైపు అయితే పైన పెట్టుకునే కుర్చీ దొరుకుతుంది. బరువు ఎక్కువుంటే తగ్గే ప్రతి కిలోకీ, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు.

తొడ ముందు కండరం గట్టిపడాలి. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి ఐదు సెకన్లు పట్టి ఉంచమనండి. నొప్పి రాకపోతే పొద్దునా సాయంత్రం పదేసి సార్లు. ఫిజియో దగ్గరకి ఒకసారి తీసుకెళ్తే మిగతావి ఆమెకి తగ్గట్టు నేర్పుతారు. బాగా నొప్పిగా ఉన్నప్పుడు డైక్లోఫినాక్ జెల్ పైపూతకు డాక్టర్ని అడగండి, మోకాలి మీద అది పనిచేస్తుందన్న రుజువు మన గుజ్జు మాత్రకంటే గట్టిది.

ఫ్రిస్కో_రమణ

మేడమ్, చివరగా నా సంగతి. నాకు రక్తం పలచబడే మందులేవీ లేవు. డబ్బాలో ఇంకా సగం ఉంది. పారేయమంటారా?

సుభద్ర_కాకినాడ

డబ్బు పెట్టి కొన్నారుగా, పారేయడం దేనికి. ఉన్నవి అయ్యేదాకా వేసుకోండి. కడుపులో మంట అనిపిస్తే భోజనం తర్వాతే వేసుకోండి. కొత్త డబ్బా మాత్రం వెంటనే కొనకండి. రెండు నెలలు ఖాళీగా ఉండి, మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి ఎంతో ఆదివారం ఆదివారం క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ రెండు నెలలూ షటిల్ జోలికి వెళ్లొద్దు. వెళ్లారంటే అంకె పెరిగింది మాత్ర ఆపినందుకో, బ్యాట్ పట్టినందుకో మళ్లీ తేలదు.